తెడ్డు వదలని ప్రార్థన

1856 మార్చి 3, సోమవారం. సఖినేటిపల్లి రేవు.

నాకు అక్షరాలు నేర్పిన నరసాపురం మిషను దొరగారు ఒక పుస్తకం, పెన్సిలు ఇచ్చారు. వచ్చే ఆదివారం నాకు బాప్తిస్మం! అందాకా రోజూ మూడు పూటలా ప్రార్థన. మోకాళ్ళ మీద ఉండగా మనసు ఎక్కడెక్కడ తిరిగిందో దాచకుండా రాయాలి. ఆయన చదివాకే నన్ను నీళ్ళల్లో దింపేది.

నా మనసు ఎక్కడికీ పోదు. ఒట్టు! అయ్యో, ఒట్టు పెట్టుకోకూడదన్నారు.

మా ఆవిడ వరహాలమ్మ నవ్వింది. నేను ఈ వారం నిలబడితే తనూ దొరగారి పాఠాలకి వస్తుందట.

కోడికూతకి: కదల్లేదు. మధ్యాహ్నం: కదల్లేదు. సాయంత్రం: కదల్లేదు. ఇంత తేలికా!

మంగళవారం

పొద్దున: పడవ అడుగున కారుతున్న సందు గుర్తొచ్చింది. ఒక్కసారే. పడవ కూడా దేవుడిచ్చిందే కాబట్టి లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం: అవతలి ఒడ్డు నుంచి ఎవరో పడవ కోసం కేకేశారు. ఆమేన్ కాస్త ముందే చెప్పేశాను. తొందరగా చెప్పినా దేవుడికి అర్థమవుతుంది.

బుధవారం

వరహాలమ్మ ఎండురొయ్యల్లో చింతచిగురు వేసింది. అదీ నేను మోకాళ్ళూనాకే.

తలుచుకున్నవి: చింతచిగురు. పడవ సందు. బావమరిది తాతారావు పట్టుకుపోయిన వల. మళ్ళీ చింతచిగురు. ప్రభువు (చివర్లో).

ప్రభువు కూడా చేపలు తిన్నాడు కదా.

గురువారం

ఉపాయం తట్టింది! నడి గోదారిలో ప్రార్థన చేస్తే పిలిచేవాళ్ళుండరు, వంట వాసన రాదు. పడవలో ఐదుగురు జనం, పెరుగు కుండలతో భూలక్ష్మిగారు. తెడ్డు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి అందరూ అరవడం మొదలెట్టారు. ఇది సైతాను శోధన అనుకుని కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. మనసు ఇసుమంతైనా కదల్లేదు!

కళ్ళు తెరిస్తే ఎదురుగా అంతర్వేది. సముద్రం హోరు. ఆటుకి కొట్టుకుపోయాం.

తిరిగి పోటు వచ్చేదాకా ఒడ్డున ఎండలో కూర్చున్నాం. పెరుగు పులిసిపోయింది. భూలక్ష్మిగారు తిట్టలేదు.

"నీ దేముడికి నువ్వు దణ్ణం పెట్టుకో నాయనా, కాదన్నానా. తెడ్డు మటుకు వదిలెయ్యకు" అన్నారు.

తిట్టినా బాగుండేది.

శుక్రవారం

పొద్దున: మరిచిపోయాను. మధ్యాహ్నం: మోకాళ్ళ మీదే కునుకు పట్టింది. సాయంత్రం: పడవ సందులో కొబ్బరిపీచు కూరాను. మధ్యలో "ప్రభువా" అన్నమాట నిజమే, సుత్తి వేలి మీద పడ్డప్పుడు.

శనివారం

పుస్తకం గోదాట్లో పడేద్దామని రేవుకి వెళ్ళాను. వరహాలమ్మ లాక్కుంది. పారేస్తే మనసు బాగుపడుతుందా అని అడిగింది. ఏడుపొచ్చేసింది. నాకు ప్రభువు నిజంగానే కావాలి. ఈ చింతచిగురు మనసుతో ఏ ముఖం పెట్టుకుని అడగను?

మార్చి 9, ఆదివారం

దొరగారు ఇవతలి ఒడ్డుకి వచ్చారు. తిరుగు ప్రయాణం నా పడవలోనే, వరహాలమ్మ కూడా ఎక్కింది. నడి గోదారిలో ఆయన పుస్తకం తెరిచారు. నేను ఓరకంట చూస్తున్నాను. గురువారం దగ్గరకొచ్చేసరికి నవ్వాపుకోలేక ఆయన భుజాలు ఊగాయి. పుస్తకం మూసేసి, ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నారు. నాలుగు మాటలయ్యాక ఆగిపోయారు. ఒక కన్ను తెరిచారు.

"పోలిరాజుగారూ, తెడ్డు పట్టుకునే ఉన్నారు కదా?"

"ఆయ్, పట్టుకున్నానండి."

ప్రార్థన ముగించి, నా పెన్సిలు తీసుకుని, నా రాతల కిందే వంకర అక్షరాలతో రాశారు: 'ఈ ఉదయం నా మనసు తిరిగిన చోట్లు: తెడ్డు. అంతర్వేది. సముద్రం.'

నరసాపురం రేవులో నన్ను నీళ్ళల్లో ముంచి లేపారు. ఒడ్డున వరహాలమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. పాఠాలు ఎప్పటినుంచని దొరగారిని తనే అడిగింది.

రేపు సోమవారం. కోడికూత నుంచి మళ్ళీ మొదలు. ఈసారి మనసు కదలదు. ఒట్టు... కాదు, ఒట్టు పెట్టను. తెడ్డు మటుకు వదలను.