సిస్టరుగారి చెయ్యి

అక్కా,

నువ్వు గుండెజబ్బుతో పోయాకే నేను నర్సింగులో చేరాను. ఈ వారం మద్రాసు ఆసుపత్రిలో, గుండెదాకా సన్నటి గొట్టం పంపి పరీక్షించే క్యాథ్ ల్యాబులో నాకు పోస్టింగు.

ఇవాళ మన కనిగిరి వైపు నుంచి మిరపకోతలకెళ్ళే ఒకామె వచ్చింది. బల్లమీద పడుకోబెట్టగానే వణికిపోయింది. నాకు పని నేర్పే సీనియర్ నర్సు, మా సిస్టరుగారిదీ ఒంగోలు వైపే. ఎక్స్‌రే తగలకుండా వేసుకునే బరువైన సీసపు ఆప్రాన్‌తోనే వంగి, "భయపడమాకమ్మా, నేనున్నాగా" అంటూ పరీక్ష అయ్యేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

తెరమీద తన గుండె కొట్టుకోవడం చూసి ఆమె, "నాదేనా అది? ఎంత కష్టపడతందో పాపం" అంది. కవాటం బాగుచేయవచ్చని డాక్టరుగారు చెప్పారు. నీకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

బయటికొచ్చాక చూస్తే ఆమె బిగించి పట్టుకున్నందుకు సిస్టరుగారి వేళ్ళు కమిలిపోయి ఉన్నాయి. నేను రుద్దుతుంటే, "రేపు నువ్వు పట్టుకోవాలమ్మాయ్" అన్నారు.

"పట్టుకుంటానండీ" అన్నాను.

నీ చెల్లి