గుర్తు లేని మైనపు గొట్టం

ఏలూరు,
30-5-1934.

ప్రియమైన సువార్తమ్మకు దేవసహాయం దీవించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నల్లపెట్టా, దాని తొమ్మిది పిల్లలూ క్షేమం. ఆ చలికొండ మీద నువ్వూ, నీ వంట తినే ఎలెన్ దొరసానిగారూ క్షేమమని తలుస్తాను.

నిన్న మంగళవారం నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. దగ్గు తగ్గింది. వంటింటి పెంకులు సర్దించాను. కైకలూరు నుంచి రూతమ్మొదిన ఎండుచేపలు పంపింది. సగం పిల్లి తినేసింది. నిజంగా పిల్లే. "దొరసానిగారి గొట్టాలపెట్టె ముట్టుకోలేదు కదా?" అన్నదానికి మాత్రం కాస్త ఆగు. ముందు మిగతాది రాయనీ.

గ్రామఫోను బిగుసుకుపోకుండా పళ్ళేలు వాయిస్తూ ఉండమని ఆవిడే చెప్పారు కదా. రోజూ మధ్యాహ్నం బంగళా తలుపులు వేసుకుని ఆ ఇటలీ నాటకాల పాటలు వింటున్నాను. మాట తెలియదు, కథ తెలియదు. అయినా ఆ బండగొంతువాడు ఊపిరి తీయకుండా రాగం లాగుతుంటే తాడేపల్లిగూడెంలో మనం చూసిన నాటకం గుర్తొచ్చి "వన్స్ మోర్" అని అరిచాను. పళ్ళెం తిరగేస్తే ఒకావిడ చచ్చిపోతూ పాడింది. అంత ఊపిరి ఉన్న మనిషి ఎందుకు చస్తుందో నాకైతే తెలియలేదు. పళ్ళెం మీద వాళ్ళు మన నులకమంచం మీద కూర్చుని పాడినట్టే ఉంటుంది. అదే పాట పక్కనున్న పాత గొట్టాల మిషనులో, మైనపు గొట్టం మీద వింటే కొల్లేటికి ఆవలిగట్టున, మంచులో ఎవరో పాడినట్టుంటుంది.

ఇదిగో, నా చేత్తోనే దొరికిపోయాను. అవును, ముట్టుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పళ్ళేనికి పాడటమే తెలుసు, గొట్టానికి వినటం కూడా తెలుసు. పాడించే ముక్క తీసి గీసే ముక్క బిగిస్తే మన మాట మైనంలో దిగుతుందని ఆవిడ ఒకసారి నా ఎదుటే చేసి చూపించారు. పెట్టెలో ఒక గొట్టానికి పేరూ బొమ్మా ఏమీ లేవు. ఖాళీది అనుకున్నాను. మొన్న ఆదివారం గుడి అయ్యాక సుందరరావు బోధకుడు బంగళాకి వస్తానన్నాడు. నా బుద్ధి నీకు తెలుసుగా. దొరసానిగారి గొంతు పెట్టి, బూరలోకి నాలుగు మాటలు అని, మిషనుని తెర వెనక దాచాను.

ఆయన వరండా ఎక్కగానే తిప్పాను. "సుండర్రావ్! నీ ప్రసంగమ్ చాలా పొడుగు. గోడమీడ బల్లి కూడా నిడ్రపోయినది."

ఆయన గబగబా చెప్పులు విడిచి, కండువా చేతికి తీసుకుని, "చిత్తం దొరసానిగారూ! కొండ మీంచి ఎప్పుడు దిగారండీ? వచ్చేవారం నుంచి తగ్గిస్తానండీ" అని తెరకి దణ్ణం పెట్టాడు. నేను నేలమీద దొర్లాను. అప్పుడే గొట్టంలోంచి వాయిద్యం ఏమీ లేకుండా ఒక ఆడపిల్ల సన్నగా పాడటం మొదలెట్టింది. ఇటలీ పాటే. పాత పాటేదో అడుగున ఉందిలే అనుకుని, నవ్వుతూనే ఆపేశాను.

తరవాత నీ ఉత్తరం వచ్చింది. గుర్తులేని గొట్టంలో ఉన్నది ఆవిడ చనిపోయిన చెల్లెలి గొంతని, పాటకి ముందు "నెల్లీ, విను" అని అక్కని ముద్దుపేరుతో పిలుస్తుందని, అరిగిపోతుందని ఏడాదికొక్కసారి, ఆ పిల్ల పోయిన రోజునే వింటారని రాశావు. "మా ఆయన ముట్టుకోరండీ" అని ఆవిడకి మాటిచ్చానని కూడా రాశావు.

సువార్తా, పాట మిగిలింది. పిలుపు ఉన్నచోట నా వెటకారం ఉంది.

నిన్న రెండుసార్లు పెట్టి, బూరలో చెవి పెట్టి విన్నాను. నా కూత అడుగున ఏదో ఉంది. పిలుపో, మైనం గీసుకున్న చప్పుడో తెలియలేదు. మూడోసారి పెట్టబోతే సూది దగ్గర పిండిలా తెల్లటి పొడి కనపడింది. చెయ్యి తీసేశాను. ఉందా లేదా అని నేను చూసినకొద్దీ పోయేది ఆవిడదే. నీ పాత నూలుచీర తడి లేకుండా చుట్టి, ఎండ తగలని గదిలో పెట్టాను.

ఇవాళ సుందరరావుగారికి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "ఎండకి కరిగిపోయిందని చెప్పవయ్యా. ఈ ఏడు ఎండలు అలాగే ఉన్నాయిగా. నేను సాక్ష్యం పలుకుతాను" అన్నాడు. పాపం, బల్లి మాట ఆవిడ వింటారని ఆయన భయం. నాకూ ఆశ పుట్టింది. బంగళాలో మనముండే కొట్టుగది, నీ మీద ఆవిడకున్న ఇరవయ్యేళ్ళ నమ్మకం, అన్నీ ఆ ఒక్క అబద్ధంతో నిలబడతాయి. కానీ గొట్టాన్ని నిజంగా కరిగిస్తే తప్ప ఆ అబద్ధం నిలవదు. పాట కూడా పోవాలి. ఆ పిల్లని రెండోసారి చంపటం నావల్ల కాదు.

పదిహేనో తారీకున మీరు రైలు దిగేటప్పుడు నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. ఈలోగా ఆవిడతో నువ్వేమీ అనకు. నువ్వు సామాను చూసుకుంటూ దూరంగా నిలబడు. వెళ్ళిపొమ్మంటే వెళ్దాం. నిన్ను అడిగితే, చేసింది ఆయనే, నేను కాదని చెప్పు. ఆవిడకి చెప్పాల్సింది నేనే చెబుతాను. ఈసారి ఆవిడ గొంతుతో కాదు, నా గొంతుతో.

ఇట్లు,
నీ మాట నిలబెట్టలేకపోయిన
నీ పెనిమిటి
దేవసహాయం