ద్రాక్షగుత్తికి గొడుగైన నోటీసు

షిమోకుబో గ్రామం,
యమనషి.
అక్టోబరు 19.

మద్యం తయారీ అనుమతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జూన్ నెలలో తమరు పంపిన నోటీసు మా ద్రాక్షతోటలో వాడకంలోకి వెళ్ళినందున జవాబు ఆలస్యమగుట – మూడవ తొట్టిలో పులియుచున్న వైనును పారబోయించకుండుట – గురించి.

షిమోకుబోలో అమెమియా వైనరీ నడుపుచున్న అమెమియా తొమే (వయస్సు 80) గారి మనవరాలు, అమెమియా చిహో (వయస్సు 26) విన్నవించుకొను అంశములు:

1. తమ నోటీసు అందలేదని మేము అనడం లేదు. జూన్ 6వ తేదీన అందినది. మా నాన్నమ్మ సంతకం చేసి మరీ తీసుకున్నది. మరునాడు ఆ నాలుగు కాగితాలనూ పదహారు ముక్కలుగా కోసి, మైనం పట్టించి, పదహారు ద్రాక్షగుత్తులకు తొడిగినది.

ఇందులో ధిక్కారమేమీ లేదు. వానలు దిగకముందే ప్రతి గుత్తికీ కాగితం గొడుగు తొడగడం ఈ లోయలో అందరూ చేసేదే. మిగతావాళ్ళు అచ్చు గొడుగులు కొంటారు. మా నాన్నమ్మ కొనదు. ఏడాది పొడుగునా ఇంటికి వచ్చిన కాగితమంతా ఒక పెట్టెలో పడేస్తుంది: ఎన్నికల కరపత్రాలు, పళ్ళ డాక్టరు పంపే గుర్తుచీటీలు, నా కాలేజీ వ్యాసం చిత్తుప్రతి. ఈ ఏడు తొమ్మిది వేల గొడుగులు అలాగే అయినవి. అన్నిటిలోకీ తమ కార్యాలయం కాగితమే మేలైనదని ఆమె అభిప్రాయం. దీనిని ప్రశంసగా స్వీకరించగలరు.

2. ఇంటికి వచ్చే ఉత్తరాలు చదవడం నా పని. నాన్నమ్మ కంటికి చిన్న అక్షరాలు ఆనవు. ఆ వారం నేను ఊళ్ళో లేను. టోక్యోలో ఒక శీతల పానీయాల కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. ద్రాక్ష వాడకుండా ద్రాక్ష రుచి తయారుచేసే విభాగం. ఉద్యోగం వచ్చినది. నవంబరు మొదటి సోమవారం చేరవలెను. ఈ సంగతి అర్జీకి అవసరమా అని తమరు అడగవచ్చును. అవసరమే.

3. సెప్టెంబరు 30న తమ ఇన్‌స్పెక్టరు హోసాకా గారు తనిఖీకి వచ్చారు. మా పందిళ్ళు నాన్నమ్మ ఎత్తుకు వేసినవి. హోసాకా గారు పొడగరి. నడుం వంచి నడిచీ నడిచీ ఒకచోట ఆగి, మెడ పక్కకు తిప్పారు. ముక్కుకు జానెడు దూరంలో తమ కార్యాలయం ముద్ర.

“ఇది... మా నోటీసు కాదూ?”

“అవును బాబూ. చేవగల కాగితం. కింద గుత్తి చూడు, ఒక్క మచ్చయినా ఉందేమో. పక్కన ఆ పళ్ళ డాక్టరుది చూడు, ఎలా నానిపోయిందో.”

“బామ్మగారూ, దీనికి జవాబు ఇవ్వాలి. గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి అయిపోతుంది.”

“ఇవాళేం కుదురుతుంది బాబూ? గుత్తి మీద ఇంకో వారం ఉంచాలి. పులుపు తగ్గలేదు.”

అప్పుడు సమయం మూడు గంటల నలభై నిమిషములు. హోసాకా గారు నా వైపు చూశారు. ఈ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒకరున్నారన్న ఆశ ఆ చూపులో అప్పటికింకా ఉన్నది. నోటీసులో ఏముందో ఆయన నోటివెంటే విన్నాను. నాన్నమ్మకు ఎనభై నిండినందున ఇకపై వైను తయారీకి బాధ్యులెవరో పేరు రాయాలి. అదే పత్రం మీద రాయాలి. లేనిచో అక్టోబరు 31తో మా అనుమతి రద్దు.

4. మరునాడు ఉదయం తమ కార్యాలయానికి ఫోన్ చేశాను. పాత పత్రం వాపసు చేయనిదే కొత్తది ఇవ్వరని ఒక గుమాస్తా గారు చెప్పారు.

“పాతది ముక్కలుగా ఉందండీ. ఫరవాలేదా?”

“ముక్కలు తీసుకోవాలని నిబంధన లేదండీ.” కాసేపు ఏవో పేజీలు తిప్పిన చప్పుడు. “వద్దనీ లేదు.”

ఈ రెండో మాట పట్టుకొని మేము కోతకు దిగినాము. అక్టోబరు 8న ఇరుగుపొరుగువారు బుట్టలతో వచ్చారు. గుత్తి కోసేముందు గొడుగు చదవాలని చెప్పాను. ఎదురింటి మినెయో మామ జీవితంలో అంత చదివి ఉండడు.

“చిహో! ఇక్కడ ‘దిగువ సంతకం చేయవలెను’ అని ఉందే!”

“తే మామా, తే! కోసి తే!”

“గుత్తినా, కాగితాన్నా?”

“రెండూ!”

రెండు వరుసల అవతల నుంచి ఆయన భార్య ఫుసాయె అత్త: “ఇక్కడ ఈస్టు గురించి ఏదో ఉందే పిల్లా. పక్కన ఎర్రసిరాతో ‘మళ్ళీ ఆలోచించు’ అని రాశారు. ఇదీ సర్కారుదేనా?”

“అది నా కాలేజీ వ్యాసం అత్తా. వదిలెయ్యి.”

“నీదా! పాపం, నేనేదో పెద్ద ఆఫీసరు రాసిందనుకున్నా.”

పదమూడు ముక్కలు దొరికినవి. పేరు రాయవలసిన గడి కూడా దొరికినది. దొరకని మూడింటిలో ఒకటి హెచ్చరిక భాగం. అది లేకున్నా మాకు బాగానే అర్థమైనది. దొరికినవాటిని అట్ట మీద వరుసగా అతికించి జతపరచుచున్నాను. ప్రతి ముక్క మధ్యలో తొడిమ పట్టేంత చీలిక ఉన్నది. దానిని చిరుగుగా భావించవద్దు. మైనం మీద సిరా నిలవనందున గడులు నింపుటకు పెన్సిలు వాడవలసి వచ్చినది.

5. అక్టోబరు 15న తమరి రెండవ ఉత్తరం వచ్చినది. దీనిని ఎవరూ కోయలేదు. గేటు దగ్గరే నిలబడి మూడుసార్లు చదివాను. 31వ తేదీ నాటికి తయారీలో ఉన్న వైనును అధికారి సమక్షంలో పారబోయవలెనని ఉన్నది.

అయ్యా, పిండిన రసం 9వ తేదీ నుంచి మూడవ తొట్టిలో పులుస్తున్నది. నవంబరు 10కి గానీ తేరదు. ఆ తొట్టి ఉన్న గది ఒకప్పుడు పట్టుపురుగులు పెంచినది. చలి ఎక్కువ కనుక తొట్టికి నాన్నమ్మ పెళ్ళినాటి బొంతలు చుట్టాం. ఆమె పొద్దునా సాయంత్రం బొంత తొలగించి చెవి ఆనించి, “గొణుగుతోంది, ఇంకా చాలా చెప్పాలట” అంటుంది. నేను కొలిచే గాజుగొట్టం ముంచి చూస్తాను. ఇద్దరి లెక్కకూ ఒక రోజుకు మించి తేడా రాలేదు.

6. ఆ తొట్టిలోనిది నా మొదటి వైను. నాలుక మొద్దుబారిందనీ, ఈసారి నన్నే కానిమ్మనీ నాన్నమ్మ వసంతంలోనే చెప్పినది. కోసే రోజు, ఈస్టు, పిండే ఒత్తిడి అన్నీ నేనే తేల్చాను. నాలుగేళ్ళుగా ఆమె పనిలో తప్పులు ఎంచడం నా ముఖ్యమైన వృత్తి. ఈ ఏడు ఎంచడానికి ఎవరూ లేరు.

ఈ ఊళ్ళో నాకు ఊపిరాడదు. ఆఖరి బస్సు సాయంత్రం ఆరింటికే. నేను ఏ రంగు స్వెట్టరు వేసుకున్నానో మధ్యాహ్నానికల్లా వంతెన అవతలి ఇళ్ళకు తెలుస్తుంది. రెండేళ్ళలో పదకొండు ఉద్యోగాలకు దరఖాస్తు చేశాను. ఇదంతా నిజం. కానీ 12వ తేదీన టీ గిన్నె పట్టి తొట్టి కింద కుళాయి తిప్పాను. మడ్డిగా, పుల్లగా ఉంది. బేరిపండు తొక్క వాసన. ఆ తడినేల మీదే కూర్చుండిపోయాను. నేను చేసింది అది. దాన్ని కాలవలో పోస్తుంటే నేను చూడలేనండీ. అధికార భాషలో దీన్ని ఏమంటారో నాకు తెలియదు.

7. పేరు గడి విషయమై ఇంట్లో జరిగిన సంప్రదింపులు:

“ఎవరి పేరు రాయను నాన్నమ్మా?”

“నాదే రాయి.”

“నీది కాకుండా ఇంకొకరిది రాయమనేగా వాళ్ళ గొడవంతా.”

“అయితే ఖాళీగా వదిలెయ్. వాళ్ళే వచ్చి పారబోస్తారు. వడగళ్ళు నాలుగుసార్లు తోట తోటంతా రాల్చాయి. ఏడ్చానా?”

“ఏడ్చావట. ఫుసాయె అత్త చెప్పింది.”

“దాని నోరు ఊరుకోదు.” ఊరవేసిన ముల్లంగి తరుగుతూ, తలెత్తకుండానే అన్నది: “నీ పేరు మాత్రం రాయకు పిల్లా. జాలిపడి చేసిన వైను తాగేవాడికి తెలిసిపోతుంది.”

కావున తమరు దయతో:

(అ) అతికించిన నోటీసును నోటీసుగానే స్వీకరించవలెను.

(ఆ) 31వ తేదీ గడువును నవంబరు 10 వరకు పొడిగించవలెను.

(ఇ) ఈ రెండూ కుదరని పక్షమున, మూడవ తొట్టి కుళాయి తిప్పే చేతిని తమరే పంపవలెను. మా ఇంట్లో రెండు జతల చేతులు ఉన్నవి గానీ ఆ పనికి రావు.

చదువుటకు కొంత జిగటగా ఉన్న ఈ అర్జీని ఓపికతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అమెమియా చిహో

జతపరచినవి: నోటీసు ముక్కలు 13, అట్ట 1.

తా.క. అట్టను కవరులో పెడుతూ చూస్తే పేరు గడి ఇంకా ఖాళీగానే ఉన్నది. ఇప్పుడు నింపాను. నా పేరే. జాలితో కాదని నాన్నమ్మతో అన్నాను. “అది వైను చెప్పాలి, నువ్వు కాదు” అని బొంత సర్దడానికి వెళ్ళిపోయింది. నవంబరులో చేరలేనని టోక్యో కంపెనీకి విడిగా ఉత్తరం రాశాను. అది నాలుగు లైన్లే. పేరు పక్క గడిలో ‘ఎంతకాలం’ అని అడిగారు. దాన్ని ఖాళీగా వదిలింది మరిచిపోయి కాదు. దయచేసి తమరు నింపకండి.