వాడుక మాటల కార్డులు

1946 జనవరి 19

మళ్ళీ అదే మాట. “అమ్మాయ్, నువ్వు పుస్తకాలు సర్దడానికి వచ్చావా, చెదరగొట్టడానికి వచ్చావా?” లైబ్రరీ వరండాలో జనం పేపరు చదువుకుంటుండగా ప్లీడరు గారు అన్నారు. ఆయన కమిటీకి ప్రెసిడెంటు కావచ్చు. మా ఇంటాయన ఆయన దగ్గర గుమాస్తా కావచ్చు. అంతమాత్రాన నలుగురిలో నన్ను...

చెదరగొట్టానట. ఇన్నేళ్ళూ ఎట్లా ఉన్నాయి మరి? ఎవరు దానమిస్తే వాళ్ళ పేరున ఒక బీరువా. బీరువా మీద రంగుతో పేరు, పేరు మీద ఎండిపోయిన దండ. వెల్దుర్తి నుంచి వచ్చిన రైతు పత్తి పురుగు గురించి అడిగితే, ఆ పుస్తకం ఇచ్చిన పుణ్యాత్ముడెవరో తెలిస్తే గానీ దొరకదు. ఆ రైతుకు ఎట్లా తెలుస్తుంది? నాకే తెలియదు.

బెజవాడ లైబ్రరీ వేసవి క్లాసుల్లో నాకు నేర్పింది ఇంతే — పుస్తకం ఎవరిచ్చారన్నది వదిలెయ్యి, దేని గురించో చూడు. అదే చేశాను. వ్యవసాయం ఒకచోట, వైద్యం ఒకచోట, చట్టం ఒకచోట. వ్యవసాయంలో మళ్ళీ నేల, నీరు, పైరు, తెగులు. దాతల పేర్లు చెరపలేదు కూడా. గోడకు పలక కట్టించి అందరివీ రాయించాను.

అయినా దండలు తీసేశానన్నదే వాళ్ళ బాధ.

జనవరి 20

కోపం తగ్గలేదు. పప్పు మాడింది. అత్తగారు గిన్నె తోముతూ నావైపు చూశారంతే.

జనవరి 24

దొరికింది!

మస్తాన్‌బీ అడిగిన పుస్తకం. మా వెనక వీధిలో మంత్రసాని ఆమె. ఈ పేటలో సగం పిల్లలు ఆమె చేతిలో పడ్డవాళ్ళే. లైబ్రరీలో ఆడవాళ్ళకని పెట్టిన వేళకు వచ్చి, గడప బయటే నిలబడి అడిగింది — “రాజ్యమ్మా, బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తే ఏం జెయ్యాలో నీ పుస్తకాల్లో యాడన్నా రాశారా తల్లీ?” పిడుగురాళ్ళలో ఆమె చెల్లెలి కూతురు ఫాతిమా కడుపుతో ఉంది. మొగుడూ పెళ్ళాం సున్నపుబట్టీలో పని. మొదటి కాన్పు అట్లాగే ఎదురుకాళ్ళు, బిడ్డ దక్కలేదు.

వైద్యం అంతా వెతికాను అప్పుడు. లేదు. ఇవాళ వేదాంతం పుస్తకాలు దులుపుతుంటే చేతికి తగిలింది. పేరు చివర ‘దీపిక’ అని ఉంది, అట్ట మీద దీపం బొమ్మ. ఎవరో మహానుభావుడు తెరిచి చూడకుండా ముక్తిమార్గాల మధ్య దోపాడు! తీరా చూస్తే అంతా కాన్పుల గురించి.

ఇంకో సంగతి. లోపల ఎక్కడా ‘ఎదురుకాళ్ళు’ అని లేదు. ‘విషమ ప్రసవము’ అని ఉంది. మస్తాన్‌బీ ఎప్పటికైనా ఆ మాట అంటుందా? పుస్తకం ఉంది, అడిగే మనిషి ఉంది, మధ్యలో మాట లేదు.

జనవరి 28

జిలానీ సాహెబు గారి బట్టల కొట్టు నుంచి అట్టలు తెచ్చుకున్నాను — చీరల మడతల్లో పెట్టేవి. యుద్ధం అయిపోయినా కాగితం మాత్రం ఇంకా కరువే. ఆయన కమిటీలో ఉన్నారు గానీ మీటింగుల్లో నోరు మెదపరు. “తీసుకుపో అమ్మా, ఎలకలు కొరికేటియ్యేగా” అన్నారు.

కత్తిరిస్తున్నాను. జనం అడిగే మాట పైన, పుస్తకంలో ఉన్న మాట కింద.

ఎదురుకాళ్ళు — విషమ ప్రసవము చూడుము.
చలిజ్వరం — మలేరియా చూడుము. దోమలు, మురుగునీరు, క్వినైను కూడా చూడుము.
చవుడు — క్షారభూములు చూడుము. ఎరువులు కూడా.

ఒక కార్డు ఇంకో కార్డును పిలవాలి. చలిజ్వరమని వచ్చినవాడు దోమ దగ్గరికి, దోమ నుంచి మురుగుకాలువ దగ్గరికి, అక్కడి నుంచి పంచాయతీ చట్టం దాకా పోవాలి. పోతాడు కూడా. దారి ఉంటే ఎందుకు పోడు!

ఫిబ్రవరి 2

మస్తాన్‌బీకి చదివి వినిపించాను. లోపలికి రమ్మంటే ససేమిరా అంది. నేనే పుస్తకం తీసుకుని గడప దగ్గర కూర్చున్నాను. చదివిన ప్రతి ముక్కా చేతులతో గాలిలో చేసి చూసుకుంటుంది.

“లాగగూడదు... బొడ్డుదాకా దానంతటదే రావాల... ఎచ్చని గుడ్డ... సరే. మరి చేతులు పైకి బోయి ఇరుక్కుంటేనో? అదుందా?”

ఉంది. చదివాను.

“మళ్ళా జదువు.”

చదివాను.

“ఇంకోసారి.”

వెళుతూ అంది — “చానా పొడుగుంది తల్లీ, నా బుర్రలో నిలవదు. ఫాతిమా కాడికి బోయేముందు వచ్చి మళ్ళా జదివిచ్చుకుంటా.”

ఫిబ్రవరి 9

కార్డుల పెట్టె దగ్గర జనం! ఆడవాళ్ళ వేళకు ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు. ఒకామె ‘ముట్టునొప్పి’ కార్డు తీసి, పక్కామెకు చూపించి, ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి పుస్తకం అడిగారు.

ఫిబ్రవరి 14



ప్లీడరు గారు వచ్చి పెట్టె లాగారు. చదివారు. రెండు వేళ్ళతో ఒక కార్డు పట్టుకుని, చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పైకెత్తి —

“ఏమిటిది?”

“కార్డండీ.”

“కార్డని నాకూ తెలుసు. ‘ముట్టునొప్పి’ ఏమిటి? ‘ఎదురుకాళ్ళు’ ఏమిటి? సరస్వతి ఉండే చోట ఏం మాటలమ్మాయ్ ఇవి! మంత్రసానుల మాటలు!”

“మంత్రసానులే అడుగుతున్నారండీ.”

“వాళ్ళు అడిగితే? వాళ్ళు మన మాటకు ఎదగాలి గానీ మనం వాళ్ళ మాటకు దిగుతామా?”

మస్తాన్‌బీ విషమ ప్రసవమనే దాకా ఎదిగి వచ్చేసరికి ఫాతిమా బిడ్డ ఆగుతుందా? ఇది అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. ఎందుకు నాకు ఎప్పుడూ ఇంటికొచ్చాకే తడుతుంది!

ఫిబ్రవరి 15

భోజనాల దగ్గర ఈయన — “ఆయన ఉప్పు తింటున్నాం, రాజ్యం.”

“నేను తినేది మీ ఉప్పు.”

“నాదీ ఆయనిచ్చిందేగా.”

మజ్జిగ పోసి లేచాను.

ఫిబ్రవరి 18

తీసేశారు. నేను వెళ్ళేసరికి పెట్టె ఖాళీ. కార్డులన్నీ ప్లీడరు గారింట్లో నీళ్ళ పొయ్యిలోకి పోయాయట. బంట్రోతు కోటయ్య నా మొహం చూడకుండా చెప్పాడు. ఆడవాళ్ళ పుస్తకాలన్నీ ఒకే బీరువాలో కుక్కారు. కాన్పులు, పిల్లల పెంపకం, జబ్బులు, వంటలు, కుట్లు — అన్నీ కలిపి. బీరువాకు తాళం. పైన కొత్త చీటీ: ‘ఇతరములు’.

ఇతరములు! ఎవరికి ఇతరులం? ఊళ్ళో సగం మందిమి ఇతరులమా?

నన్ను “కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా” అన్నారు. నా కుర్చీలో ప్లీడరు గారి బావమరిది.

ఫిబ్రవరి 23

ఇంట్లో. పెసలు ఏరడం. వడియాలు. నోరు విప్పితే పోట్లాటే, అందుకని విప్పడం లేదు.

మార్చి 3

అత్తగారు శివరాత్రికి కోటప్పకొండకు తీసుకెళ్ళారు. “మనసు కుదుటపడుద్ది” అన్నారు. కింద ప్రభలు, డప్పులు, దుమ్ము. మెట్ల మీద మోకాళ్ళతో ఎక్కుతున్న ఒక గర్భిణీ స్త్రీని చూశాను. స్వామికి ఏమి మొక్కుకోవాలో తోచలేదు, తిట్టుకుంటూ దిగాను. బంధువుల ఇంట ఆగి ఇవాళ తిరిగొచ్చాం.

మార్చి 6

రాయాలి. రాయకపోతే ఏదో ఒకటి పగలగొడతాను.

పొద్దున మస్తాన్‌బీ వచ్చింది. పెరటి అరుగు మీద కూలబడింది. నేను కొండ మీద ఉండగా పిడుగురాళ్ళ నుంచి కబురొచ్చింది — ఫాతిమాకు నొప్పులు. ఈమె పరుగున లైబ్రరీకి పోయింది, నేనక్కడే ఉంటాననుకుని. నన్ను మాన్పించిన సంగతి ఆమెకు తెలియదు. బావమరిది గారు కుర్చీలో నుంచి లేవకుండానే, “అట్టాంటి పుస్తకం లేదు, పో” అన్నాడట.

“దీపం బొమ్మ ఉంటదయ్యా, రాజ్యమ్మ జదివింది అన్నా. ‘పుస్తకాల పట్టీలో లేదు, లేదంటే లేదు’ అన్నాడు. మీ ఇంటికొస్తే తాళం. బొగ్గుతో నడిచే బస్సు పొగ పెట్టుకుని కదల్తా ఉంది, ఇంకేం జేసేది, ఎక్కినా.”

ఎదురుకాళ్ళే. లాగకూడదన్నది గుర్తుంది, లాగలేదు. బొడ్డుదాకా వచ్చింది. చేతులు పైకి పోయి ఇరుక్కున్నాయి.

“ఆడ ఏం జెయ్యాలో... ఆ ముక్క గుర్తు రాలా తల్లీ. నువ్వు జదువుతున్నట్టే ఉంది, నీ నోరు కనపడతా ఉంది, మాట ఇనపడలా.”

మగపిల్లాడు. ఫాతిమా బతికింది.

ఇద్దరం ఏడ్చాం. నేను ప్లీడరు గారిని, బావమరిదిని, వాళ్ళ వంశాన్ని తిట్టాను. మస్తాన్‌బీ తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని —

“ఆ ముక్క ఇన్నా బతికేటోడో లేదో, అల్లాకే ఎరుక. దానికి నేను ఎవురినీ అనను. ఉన్నదాన్ని లేదన్నాడు జూడు... అది మాత్రం నాకు గుండెల్లో దిగింది.”

మార్చి 7

ఈయనకు చెప్పాను: ఆదివారం కమిటీ మీటింగుకు వెళుతున్నాను.

“పిలవలేదు గదా.”

“లేదు.”

“నా బతుకు తెరువు పోతే?” అన్నారు. అది కోపం కాదు, భయం. భయపడే మనిషి మీద అరవడం కష్టం. అయినా అరిచాను.

మార్చి 10

వెళ్ళాను. మస్తాన్‌బీని వెంటబెట్టుకుని. గడప బయట నిలబడబోతే చెయ్యి పట్టి లోపలికి లాగాను.

ప్లీడరు గారు, “ఇది కమిటీ, అమ్మాయ్, సంత కాదు” అన్నారు.

‘ఇతరములు’ తాళం తీయమన్నాను. తీయరట. “అయితే జరిగింది వినండి” అని పిడుగురాళ్ళ సంగతంతా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. గొంతు మాత్రం సంతలో గొంతే. బావమరిది గారు, “నాకేం తెలుసు, పట్టీలో అన్నీ కలిపి ఇతరములనే ఉంది” అన్నాడు. అదే గదా నేను చెప్పేది! అతను అబద్ధమాడలేదు. నిజంగానే అతనికి కనబడలేదు. కనబడకుండా చేసిపెట్టింది ఎవరు?

ప్లీడరు గారు మొహం తిప్పుకుని, “విచారించవలసిన విషయమే. కాని భాష విషయంలో గౌరవం...” అని మొదలుపెట్టారు.

అప్పుడు జిలానీ సాహెబు గారు గొంతు సవరించుకున్నారు. మొదటిసారి. “ప్లీడరు గారూ, మా కొట్టుకొచ్చి ఎర్రకోక కావాలంటే ఎర్రకోకే తీస్తాం. అరుణాంబరం అని అడిగితే గానీ తియ్యం అంటే కొట్టు మూసుకోవాల్సిందే. ఆ బిడ్డ రాసింది తప్పేందో నాకు తెలవట్లా.”

ఎవరో నవ్వారు. ప్లీడరు గారు నవ్వలేదు.

చివరికి తీర్మానం: బీరువా తాళం తీస్తారు, కార్డులు పెట్టుకోవచ్చు. ఆడవాళ్ళ వేళలోనే, ఆడవాళ్ళ వైపే. మగవాళ్ళ కంట పడకూడదు. నన్ను తిరిగి రమ్మన్నారు, ‘ప్రవర్తన చూసి’.

మగవాళ్ళ కంట పడకూడదట! ఫాతిమా మొగుడికి తెలియాల్సిన పని లేదు కాబోలు. గెలిచానా నేను? బయటికొచ్చాక మస్తాన్‌బీ, “పోనీలే తల్లీ, తలుపు తీశారుగా” అంది. నాకు మాత్రం తలుపు సందులో వేళ్ళు పడ్డట్టే ఉంది.

మార్చి 12

ప్లీడరు గారు ఈయన్ని ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడమే భయంగా ఉందంటారు. పని లేకుండా కూర్చోబెడుతున్నారట.

కార్డులు మళ్ళీ రాస్తున్నాను. కాలినవి తలుచుకుంటూ ఒక్కొక్కటీ.

మార్చి 15

రాసే ముందు ఆడవాళ్ళనే అడుగుతున్నాను — “మీరు దీన్ని ఏమంటారు?” ఒక్కో పేటలో ఒక్కో మాట. అన్నీ రాస్తాను. అన్నీ ఒకే పుస్తకానికి దారి చూపిస్తాయి.

మార్చి 19

ఇవాళ ఒకామె వచ్చింది. ఎప్పుడూ చూడలేదు. తలమీద కొంగు ముందుకు లాక్కుని, పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. కూడబలుక్కుని చదువుతోంది, పెదవులు కదులుతున్నాయి. ఒక్కో కార్డూ తీసి పెడుతోంది.

“ఏం కావాలమ్మా?”

తల అడ్డంగా ఊపింది. మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి, వినీ వినబడకుండా —

“మొగుడు కొడతా ఉంటే... ఏం జెయ్యాలో... అది ఏ మాట కింద ఎతకాలక్కా?”

కొంగు కింద దవడ వాచి ఉంది.

కూర్చోమన్నాను. చట్టం వెతికాను. సంఘం వెతికాను. ఆరోగ్యం వెతికాను. పతివ్రతల కథలున్నాయి, బోలెడు. భార్య ధర్మాలున్నాయి. భర్త హక్కులున్నాయి. ‘ఇతరములు’ కూడా తెరిచి వెతికాను.

తిరిగొచ్చేసరికి ఆమె వెళ్ళిపోయింది. ఊరు అడగలేదు, పేరు అడగలేదు.

కార్డు తీశాను. పైన ఆమె మాటే రాశాను: ‘మొగుడు కొడతా ఉంటే —’

తర్వాత ‘చూడుము’ అని రాయాలి. దేన్ని?

కార్డు నా ముందే ఉంది. సిరా ఆరిపోయింది.