కళ్లు తెరిపించే పాఠం

మార్చి 3

లాప్‌టాప్‌లో ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. నేర్పేవాళ్లు లేరు, ఫ్రీ వీడియోలే గతి. మూసుకున్న కళ్లు తెరిపించొచ్చట.

నా పాపకి ఒక్కటే ఫోటో. చనిపోయే పుట్టింది. నర్సు నా ఫోన్‌తో తీసి, ఉంచుకోమ్మా, తర్వాత చూసుకోవాలనిపిస్తుంది అంది. దాని కళ్లెలా ఉంటాయో ఎవరూ చూడలేదు. నేను చూడాలి. అంతే.

మార్చి 5

వీడియోలో మాస్టారు హాయ్ ఫ్రెండ్స్ అని మొదలెట్టి ఒకటే సోది. ఫైల్ అంటే ఏంటి, సేవ్ అంటే ఏంటి. మొదటి పాఠం స్కిప్ కొట్టేశాను. ఓపిక ఎవరికుంది?

మార్చి 6

అత్తయ్య నా ఫోన్‌లో ఫోటో చూసింది. ఇలా చూసుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తేరుకుంటావమ్మా, తీసెయ్ అని పోరు. ట్రాష్ కూడా ఖాళీ చేయించింది. లాప్‌టాప్‌లో ఉందని ఆవిడకేం తెలుసు!

మార్చి 9

కళ్ల పాఠం దొరికింది. అదే మనిషిది కళ్లు తెరిచి ఉన్న ఇంకో ఫోటో తీసుకోండి ఫ్రెండ్స్, చాలా ఈజీ అన్నాడు.

లాప్‌టాప్ మూసేశాను.

మార్చి 14

తోడికోడలు వాళ్ల పాపని స్టేటస్‌లో పెట్టింది. నెలల పిల్ల. కళ్లు ఇంతింత. దొంగతనమే, అయితే ఏం? అడిగితే ఇచ్చేదా? ఆ కళ్లు కత్తిరించి నా పాప ముఖం మీద పెట్టాను. రెప్పల అంచులు కుదిరేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

చూసింది. నన్నే చూసింది! సేవ్ కొట్టి ఆయన్ని కేకేశాను.

ఆయన వంగి చూసి, అన్నయ్య కూతురు కదూ, ఎప్పుడు తీశావ్ అని నవ్వారు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం ఇదే మొదలు. ఒళ్లు మండిపోయింది. అన్నీ క్లోజ్ చేసేశాను.

మార్చి 15

పాప అసలు ముఖం చూద్దామని తెరిచాను. లేదు. ఉన్నది ఒక్క ఫైల్, దాని మీదే సేవ్ కొట్టాను. అన్‌డూ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కదల్లేదు. తోడికోడలి కూతురు రెప్ప వేయకుండా నన్నే చూస్తోంది.

ఇప్పుడు మొదటి పాఠం పెట్టి చూశాను. మొదట్లోనే చెప్పాడు మహానుభావుడు. ముందు కాపీ తీసుకోండి ఫ్రెండ్స్, ఒరిజినల్ జోలికి పోవద్దు.

చేతులారా పోగొట్టుకున్నాను.

మార్చి 17

ఆయనకి చెప్పేశాను. తిట్టినా బాగుండేది. ఫోన్‌లో ఉన్నన్నాళ్లూ నువ్వు స్నానానికెళ్లినప్పుడు తీసి చూసుకునేవాణ్ణి అన్నారు. నాకసలు తెలీదు. కళ్లు పెట్టేసరికి మన పాపని పోల్చుకోలేకపోయానే అని భోరుమన్నారు.

మార్చి 20

కళ్లు మూయించడానికీ వీడియో ఉంది. ఆ మాస్టారిదే. అదే మనిషిది కళ్లు మూసుకుని ఉన్న ఇంకో ఫోటో తీసుకోండి ఫ్రెండ్స్, చాలా ఈజీ.