షీబా చేసిన కీబోర్డు

నూజివీడు,
ఈస్టరు వెళ్ళిన రెండో ఆదివారం.

ప్రియమైన ఇన్నమ్మకు,

జోజిబాబు ప్రేమతో రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల నేనూ, షీబా, మీ అమ్మగారూ, ఆవిడ సాకుతున్న కుంటి కోడిపెట్టా అందరం బాగున్నాం. ఆ మస్కట్ ఎండల్లో నువ్వూ, నీ వార్డులో పేషెంట్లూ చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాం.

ముసునూరు కృష్ణవేణి సెలవు అయిపోయి మంగళవారం మీ ఆసుపత్రికి తిరిగి వస్తోంది. ఈ ఉత్తరమూ, కొత్త ఆవకాయ సీసా ఆమె చేతికే ఇస్తున్నాను. మీ అమ్మగారు సీసా మూతికి గుడ్డ కట్టి, గుడ్డ మీద కవరు, కవరు మీద ఇంకో కవరు బిగించారు. విమానం వాళ్ళు దాన్ని బాంబు అనుకోకుండా ఉంటే చాలు.

ఇక నువ్వు అడిగినవి. మీ తమ్ముడు శౌరి తోట ఈ ఏడు విరగబూసింది. కానీ మొన్నటి ఈదురుగాలికి బంగినపల్లి బాగా రాలిపోయింది. రాలిన కాయ చూసి రెండు పూటలు అన్నం మానేశాడు. మీ మరదలు ఊరుకుంటుందా? "చెట్టు మీద మిగిలింది చూడవయ్యా, కింద పడ్డది నేను చూసుకుంటా" అని పచ్చళ్ళకి బేరం పెట్టేసింది. షీబా సరిగ్గా తింటోందా అన్నావు. తింటోంది. ఆటో ఎక్కితే ఇంటికొచ్చేంత దగ్గర క్యాంపస్‌లో ఉంటూ నెలకోసారి మొహం చూపించే పిల్ల, ఈ మధ్య వారం వారం వస్తోంది.

కిందటి ఉత్తరం "మీరే రాశారా, షీబా చేత రాయించారా, టైపు ఎందుకు చేశారు, చివర సంతకం ఏదీ" అని నిలదీశావు. జవాబు చెప్తాను. ముందు మనమ్మాయి చేసిన పని చెప్పనివ్వు. నేను ఊరికే పొగిడే మనిషిని కానని నీకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నీ చేపల పులుసుని కూడా "పర్లేదు" అన్నవాణ్ణి.

జనవరిలో రెడ్డిగూడెం రోడ్డు మీద బండి జారి పడటం, కుడి మోచేతి పైన ఎముక విరగడం, కట్టు కట్టడం నీకు తెలిసినవే. కట్టు విప్పారు కానీ చెయ్యి పనిలోకి రాలేదు. ఇక్కడేమో పెళ్ళిళ్ళ సీజనూ, మామిడికాయ సీజనూ ఒక్కసారే మీద పడ్డాయి. కార్డులు, బ్యానర్లు, బిల్లు పుస్తకాలు. బస్టాండు దగ్గర డీటీపీ షాపు మనదొక్కటే కాదు. ఒక్క సీజను తలుపు మూశామంటే ఇన్నేళ్ళుగా మన గుమ్మం తొక్కినవాళ్ళు పక్క గుమ్మం తొక్కుతారు. ఎడమ చేత్తో మామూలు కీబోర్డు కొట్టి చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరికి చెయ్యి పరిగెత్తడమే సరిపోయింది. నేను కార్డు పూర్తిచేసేసరికి ఆ పెళ్ళి అయిపోయి పిల్లలు కూడా పుట్టేలా ఉన్నారు. షాపు ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానని షీబాతో అన్నాను.

"ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు నాన్నా. నాకు కొంచెం టైమివ్వు" అంది.

మర్నాడు మామిడికాయల అట్టపెట్టె చింపి బల్ల మీద పరిచింది. నా ఎడమ చేతి వేళ్ళకి స్టాంపు ప్యాడు సిరా పూసి, "కళ్ళు మూసుకుని, చెయ్యి ఎక్కడ హాయిగా పడితే అక్కడ తట్టు" అంది.

"ఏంటే ఇది, రిజిస్ట్రారాఫీసులో వేలిముద్రలా?"

"ఆస్తి రాయించుకుంటున్నా. కదలకు."

చిటికెన వేలు బాగా కిందికి పడింది. నడిమి వేలు పైకి పోయింది. మీటలు కూడా సరిగ్గా అలాగే, ఏ వేలికి ఆ వేలి వరస, ఎత్తుపల్లాలుగా పేర్చింది. మొత్తం కలిపి నా అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. ఇంత చిన్నదాంట్లో మన అక్షరాలన్నీ ఎలా పడతాయే అంటే, "ఒకే స్థలంలో మూడంతస్తుల ఇల్లు కట్టరా? అలాగే" అంది. బొటనవేలి కింద రెండు మీటలు పెట్టింది. ఒకటి అదిమి పట్టుకుంటే పై మీటలన్నీ గుణింతాలైపోతాయి. రెండోది పట్టుకుంటే వత్తులు. రెండూ కలిపి పట్టుకుంటే అంకెలు, ఎప్పుడో గానీ రానివి.

క్యాంపస్ ల్యాబులో డబ్బా తయారుచేసుకుంది. స్విచ్చిలు ఆన్‌లైన్లో తెప్పించి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, శబ్దం తేడాగా ఉన్నవి పక్కన పడేసింది. మీ అమ్మగారు నిమ్మకాయలు కూడా అంత శ్రద్ధగా ఏరరు. నీ వంటింటి బల్ల మీదే టంకం వేసింది. బల్లకి మచ్చ పడింది, దానికి నన్ను తిట్టకు. తల వంచుకుని, పెదవి కొరుక్కుంటూ ఆ సన్న తీగలు అతికిస్తుంటే, నువ్వు చంటిపిల్లకి సెలైన్ సూది పెట్టేటప్పుడు ఉండే మొహం అచ్చంగా అదే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి ఇన్నమ్మా. పొగకి అని చెప్పాను.

ఏ అక్షరం ఏ వేలి కింద ఉండాలన్నదే అసలు విద్యట. ఎక్కువసార్లు వచ్చేది వేలు కదపకుండా అందాలి. అరుదుగా వచ్చేది మూలకి పోవాలి. అందుకని నా కంప్యూటర్లో ఉన్న తెలుగంతా తీసి, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ప్రోగ్రాము రాసి లెక్కవేయించింది.

మొదటి గిరాకీ రెడ్డిగూడెం వీరరాఘవయ్యగారు. ఏటా మనకి బుట్టెడు రసాలు పంపే ఆయనే. వాళ్ళమ్మాయి హరిచందన పెళ్ళి. కార్డు కొడుతుంటే పై భాగమంతా వేళ్ళ కింద నుంచి అలా జారిపోయింది. శుభమస్తు, దైవానుగ్రహం, ఆశీర్వదించ ప్రార్థన, ఒక్కచోట కూడా తడబడలేదు. నా చెయ్యేనా అనిపించింది. తీరా కల్యాణ వేదిక దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోయాను. ఏసీ ఫంక్షన్ హాల్, రిసెప్షన్, డిన్నర్, సెల్ నంబర్. ప్రతి మాటకీ పొల్లు కావాలి, ఆ పొల్లేమో పై అంతస్తులో మూల గదిలో ఉంది. అంకెలూ అక్కడే. బొటనవేలితో రెండు మీటలు అదిమి, చిటికెన వేలు చాపి చాపి చెయ్యి తిమ్మిరెక్కింది. "పెద్దాయనా, ప్రూఫు శనివారం ఇస్తాను" అని పంపేశాను.

షీబా ఫోన్ చేసి "ఎలా ఉంది నాన్నా?" అంటే "బ్రహ్మాండం" అన్నాను. పిల్ల అంత కష్టపడి చేసిందాన్ని బాగాలేదని ఏ నోటితో అననూ? మళ్ళీ అడిగింది. మళ్ళీ బ్రహ్మాండమే.

శనివారం వీరరాఘవయ్యగారు ప్రూఫు కోసం వచ్చి కూర్చున్నారు. నేను ఇంకా ఫంక్షన్ హాల్ దగ్గరే ఉన్నాను. షీబా ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి చూస్తోంది.

"పొల్లు అన్నిసార్లు పడుతుందా నీకు?"

"మన ఊళ్ళో పెళ్ళికి పొల్లు లేకుండా ఎలా కుదురుతుందే? ఏ తెలుగు లెక్కేశావు నువ్వు?"

"నీ కంప్యూటర్లో అన్నింటికంటే పెద్ద ఫోల్డరు ఉంది కదా, అదే."

నాకు నవ్వాగలేదు. ఆ ఫోల్డరు మన ఫాదర్‌గారి ఆదివారం ప్రసంగాలు! మన చర్చి విచారణ పత్రిక కోసం ఏళ్ళ తరబడి నేను కొట్టినవి. వాటి ముందు పెళ్ళికార్డులన్నీ కలిపినా పిసరంత. "ప్రియ సహోదరీ సహోదరులారా" అనడానికి తప్ప, మామిడికాయ లారీకి బిల్లు రాయడానికి పనికొచ్చే కీబోర్డు కాదది. ఫాదర్‌గారు ఏనాడైనా ప్రసంగంలో ఫంక్షన్ హాల్ అన్నారా? విషయం అర్థమయ్యాక వీరరాఘవయ్యగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "మా పిల్ల పెళ్ళికార్డు మీ ఫాదర్‌గారి వల్ల ఆలస్యమైందని మా ఆవిడకి చెప్తే నమ్ముతుందంటారా?" అన్నారు.

షీబా ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. కార్డులు, బిల్లులు, బ్యానర్లు, సంస్మరణ పత్రాలు అన్నీ కలిపి అక్కడే కూర్చుని మళ్ళీ లెక్కవేయించింది. ప్రసంగాలకి వాటి వాటా వాటికిచ్చింది. ఏదీ విప్పింది లేదు. కంప్యూటరుకి తగిలించి అక్షరాలు అటూ ఇటూ మార్చి, మీటల టోపీలు పీకి మళ్ళీ పెట్టింది. పొల్లు ఇప్పుడు చూపుడు వేలి కిందే ఉంది. వీరరాఘవయ్యగారు టీ తెప్పించుకుని తాగుతూ ఉండగానే హరిచందన పెళ్ళికార్డు పూర్తిచేసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కార్డు చూడలేదు, షీబాని చూశారు. "మా పిల్ల పెళ్ళికి తప్పకుండా రావాలమ్మా, ఆ పెట్టె కూడా తీసుకురా, అందరికీ చూపిస్తాను" అన్నారు. నా కూతురు, ఇన్నమ్మా! నీ కూతురు!

ఆయన వెళ్ళాక మాత్రం నాకు మూడింది.

"బాగుంది బాగుంది అన్నావు. బాగాలేదని చెప్పుంటే ఆ రోజే మార్చేదాన్ని కదా. నీ చెయ్యి ఇంత నొప్పి పడేదా?" అని, ఆ వెంటే "అమ్మకి కూడా ఇలాగే బ్రహ్మాండం అని చెప్తున్నావు కదూ" అంది.

అవును, అలాగే చెప్తున్నాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను, కూర్చుని చదువు.

చెయ్యి బిగుసుకుపోయిందని నీతో అన్నది అబద్ధం. ఎముక అతుక్కుంది కానీ నరం దెబ్బతింది. మణికట్టు పైకి లేవదు, వేళ్ళు చాచలేను. అన్నం, గడ్డం, చొక్కా గుండీలు అన్నీ ఎడమ చేత్తోనే. వీడియో కాల్లో చెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నది అందుకే. కిందటి ఉత్తరం నేను చెప్తుంటే షీబా కొట్టింది, సంతకం పెట్టలేక వదిలేశాను. విజయవాడ డాక్టరుగారు నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు అన్నారు. రిపోర్టులు కృష్ణవేణి చేతికిస్తున్నాను. నువ్వు నర్సువి, నాకంటే నీకే బాగా అర్థమవుతాయి.

నీకు ఇంచార్జి సిస్టర్ పరీక్ష దగ్గర పడింది. ఈ సంగతి తెలిస్తే పుస్తకాలు అక్కడే పడేసి మొదటి విమానం ఎక్కుతావని భయపడ్డాను. ఆ ఉద్యోగం కోసం నువ్వు ఎంత ఏడ్చావో నాకు తెలుసు. నా వల్ల అది చెయ్యి జారితే నేను తట్టుకోలేను.

కోపం వస్తే తిట్టు, ఫోన్లోనే తిట్టు, వింటాను. షాపు నడుస్తోంది. ఈ ఉత్తరమంతా నేనే, ఒక్క చేత్తో, ఎవరి సాయం లేకుండా కొట్టాను. నా చెయ్యి చూసుకోవడానికని మాత్రం రావద్దు, దానికి షీబా ఏదో ఒక దారి చూసింది. పరీక్ష రాసెయ్. ఆ తర్వాత నన్ను చూడాలనిపిస్తే, అప్పుడు రా. నాకు నిన్ను చూడాలని ఉంది.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న నీ ఇంటాయన,
జోజిబాబు