పంచదార డబ్బాలో పొడి

శ్రావ్యా, కుక్కర్లో అన్నం ఉంది, పక్కన ఆనపకాయ పులుసు ఉంది. వాకింగ్ నుంచి రాగానే తిను. పంచదారకు బదులు నువ్వు వాడే తీపి పొడి కోసం వెతకకు, సింకులో పోసేశాను.

ఒళ్ళు తగ్గాలని పంచదార డబ్బాలో అది పోసినదానివి, నాకొక మాట చెప్పాలా వద్దా? పంచదారే అనుకుని పొద్దున్న నాలుగు గుప్పెళ్ళు క్షీరాన్నంలో వేశాను. నైవేద్యం రుచి చూడకూడదు కదా, అలాగే గుడికి పంపాను. రోజూ వచ్చే పైడయ్య ప్రసాదం నోట్లో పెట్టుకుని, "ఇది సేదుగా ఉందేటి పంతులుగారూ" అన్నాడట. అందరి ముందూ మీ నాన్న తల దించుకున్నారు.

ఎదురింటి డాక్టరుగారిని అడిగాను. ఎక్కువైతే చేదెక్కుతుందట, కొద్దిగా వాడితే భయం లేదట, కానీ దాన్ని నమ్ముకుంటే ఒళ్ళు తగ్గదట. నువ్వు అన్నం మానేసి ఆ పొడితో ఆరు టీలు తాగుతున్నావని చెప్తే, "ఇంతమందికి కిడ్నీలు పాడవుతున్న ఉద్దానంలో ఉండి ఆ పరీక్ష కూడా చేయించలేదా?" అని నన్నే తిట్టారు. శనివారం ఆ పరీక్షకు వెళ్తున్నాం. వంకలు పెట్టకు.

టెక్కలి బస్సుకు టైమయింది.

అమ్మ

దేవుడికి పెట్టేది రుచి చూడకూడదు. నీకు పెట్టేది మాత్రం రోజూ ఉప్పూ పులుపూ చూసే పెడుతున్నాను. నువ్వే ముట్టుకోవడం లేదు.